ఉప్పునీటి పెరడు



ఈ నెల మన శీర్షికలో ఊరగాయల ముచ్చట గాని, పసిబిడ్డల పోషణ గాని లేదు. గాజుతొట్టెలో సముద్రమును పెంచుటను గూర్చి వ్రాయబోవుచున్నాను. "మాకేల యీ సముద్రము?" అని కొందఱు నవ్వవచ్చును. నేనును మొదట నవ్వినదాననే. కాని యీ విద్య నేను పుస్తకములు చదివి నేర్చినది కాదు. నా తోబుట్టువు సొత్తు పాడుచేసి నేర్చినది. వంటయిల్లు నడుపువారికి ఇందులో తమకు తెలిసిన సంగతులే అనేకములు కనబడును.

నా చెల్లెలు అమెరికాలో, టెక్సాసు రాష్ట్రమందలి హ్యూస్టను నగరమున కాపురమున్నది. మా అమ్మ లేదు గనుక చెల్లెలి తొలి పురుటికి నేను పోవలసి వచ్చెను. పిల్లలను మా అత్తగారు చూచుకొందునన్నారు. బడి సెలవులు కలిసివచ్చినంతవరకు మావారు తోడుందురు. ఆపైన అత్తగారిదే భారము. ఇట్లు ధైర్యము చేసి అయిదు మాసములు అచట నుంటిని.

వారి నడిమి గదిలో నాలుగడుగుల గాజుతొట్టె యున్నది. 340 లీటర్ల ఉప్పునీరు. అందులో బొమ్మరాళ్లవలె కొన్ని శిలలు, వానిపై ఊదా, ఆకుపచ్చ, గులాబి రంగుల పగడములు, వాని నడుమ ఆఱు చేపలు. చూచినంతనే నోట మాట రాలేదు. పగడమనగా మెడలో వేసికొను ఎఱ్ఱపూస యని మాత్రమే యెఱిగినదానను. అది ప్రాణియని, రాయివంటి ఎముకను తానే కట్టుకొని దానిపై పలుచని చర్మమువలె బ్రతుకునని చెల్లెలు చెప్పినది. ఆ చర్మములో కంటికి కనబడని నాచుకణములు కాపురముండి, ఎండను తిని, తాము చేసికొన్న ఆహారములో పెద్దపాలు పగడమునకే యిచ్చును. ఆ కణముల వన్నెయే చాలవఱకు పగడమునకును వన్నె. అవి విడిచిపోయిన పగడము తెల్లబాఱును. తిరిగి రానిచో ఆకలితో చచ్చును.

ఆ పగడము లేవియు సముద్రమున విఱిచి తెచ్చినవి కావట. ఒకరి తొట్టెలోని కొమ్మను తుంచి మఱియొకరు నాటుకొన్నవి. మనము మల్లెయంట్లు ఇచ్చిపుచ్చుకొన్నట్లే. వానిలో ఒకటి, జింకకొమ్మువంటి ఊదారంగు పగడము, చెల్లెలికి ప్రాణము. కాపురమునకు వచ్చిన తొలియేట పొరుగింటి ముసలమ్మ బొటనవ్రేలి గోరంత ముక్క యిచ్చెనట. అయిదేండ్లలో అది నా అరచేయంత అయినది.

నేను పోయిన పండ్రెండవ దినముననే, నెలలు నిండకుండగనే, చెల్లెలికి నొప్పులు వచ్చినవి. మగపిల్లవాడు. మూడు వారములు ఆసుపత్రిలో గాజుపెట్టెలో నుంచిరి. చెల్లెలును మా మరదిగారును పగలెల్ల అచటనే. ఇంటిలో నేనొక్కతెను, ఎదుట ఆ తొట్టె.

"అక్కా, రోజుకొక్కసారి ఈ చిన్న చెంచాతో తలకొట్టి మేత వెయ్యి, చాలు. ఆవిరైపోయిన మేరకు ఈ డబ్బాలో మంచినీళ్లు పొయ్యి. ఇంకేమీ ముట్టుకోవద్దు" అని చెల్లెలు చెప్పి పోయెను.

నేను ముట్టుకొంటిని.

నేను గదిలోనికి పోయినపుడెల్ల ఆ చేపలు అద్దమునకు మూతులానించి ఆకలి ఆకలి యన్నట్లు ఆడుచుండెను. తినుటకు బిడ్డ లేని యింటిలో తినిపించుటకు ఏదో యొకటి దొరికినట్లయినది నాకు. ఉదయమొక చెంచా, మధ్యాహ్నమొక చెంచా, దీపాలవేళ మఱియొకటి, తలకొట్టుట మఱచితిని. మఱియొక పిచ్చిపని. తొట్టె రెండు కొసల రెండు పంపులు నీటిని విసరుచుండును. ఆ ప్రవాహమునకు చిన్నచేప యొకటి కొట్టుకొనిపోవుచున్నట్లు కనబడి, జాలిపడి, ఒక పంపును బాగుగా తగ్గించితిని.

రెండు వారములు గడచునప్పటికి శిలలమీద పసిరికవెండ్రుకలవలె నాచు లేచినది. నేను తగ్గించిన పంపు వైపు మూలలో ఇసుకపై ముదురెఱుపు జిగురుదుప్పటి పఱచుకొన్నది. నీరుమాత్రము అద్దమువలె తేటగా నున్నది. అదియే నన్ను మోసగించినది. నీరు తేటగా నున్నంతకాలము తొట్టె శుభ్రముగా నున్నదనియే నా నమ్మకము.

మరదిగారు ఒకరాత్రి ఇంటికి వచ్చి, చిన్న సీసాలలో నీరు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూచిరి. నైట్రేటు లీటరునకు 30 మిల్లీగ్రాములు. ఉండవలసినది అయిదు ప్రాంతము. ఫాస్ఫేటు 0.30, ఉండవలసినది 0.05 ప్రాంతము. "వదినగారూ, మేత ఎంత వేశారు?" అని అడిగిరి. చూపితిని. ఆయన ఏమియు ననలేదు. ఆ అనకపోవుటయే నాకు ఎక్కువగా తగిలినది.

ఆ రాత్రి మావారితో ఫోనులో మొఱపెట్టుకొంటిని. ఆయన లెక్కల మాష్టారు. ఓదార్పు కూడ లెక్కలలోనే. "ఎండుమేతలో భాస్వరము ఎంత?" అని అడిగిరి. డబ్బామీద చూచి నూటికొక పాలని చెప్పితిని. "అయితే గ్రాము మేతలో పది మిల్లీగ్రాముల భాస్వరము. అది ఫాస్ఫేటయితే తూకము మూడు రెట్లు, ముప్పది. ముప్పదిని 340 లీటర్లకు పంచు. లీటరుకు 0.09. అనగా నీవు వేసిన ఒక్క గ్రాములోని భాస్వరమంతయు నీటిలో దిగిన, ఆ తొట్టె కుండవలసినదానికి దాదాపు రెండింతలు." నేను గ్రాములకొలది వేసితిని. చేప తిన్నది చేపతో పోదు. కొంత ఒంటబట్టి, తక్కినది మూత్రమై పురీషమై మరల నీటిలోనికే వచ్చును. మన వంటయింటి తూమువలె బయటకు పోవు దారి ఆ తొట్టెకు లేదు. ఎవరైన పనిగట్టుకొని తీసిననే పోవును.

ఇచట సూక్ష్మజీవుల సాయమెంతయో చెప్పవలెను. చేపల మలినమునుండి పుట్టు అమ్మోనియా విషము. శిలలమీద, ఇసుకలో నుండు ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, మఱియొక జాతి నైట్రేటుగను మార్చును. నైట్రేటు అంత విషము కాదు, కాని నాచునకు మంచి ఎరువు. శిలల లోపలి సందులలో, ప్రాణవాయువు చొరనిచోట, ఇంకొక జాతి నైట్రేటును విడగొట్టి గాలిలో కలుపును. అందుచేతనే ఆ ఱాళ్లను జీవశిలలందురు. జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ అనునాయన 1961లో, సముద్రమునుండి తెచ్చిన జీవశిలలు, గాలిబుడగలు తప్ప ఏ యంత్రములు లేకయే పగడములను బ్రతికించిన విధమును ఒక అమెరికా పత్రికలో వ్రాసెను. తరువాతివారు ఎన్ని యంత్రములు చేర్చినను ఆ ఱాళ్లను మాత్రము తఱచు విడువలేదు. అయితే భాస్వరమునకు ఇట్టి గాలిదారి లేదు. పైపెచ్చు సున్నపు శిలలు దానిని పీల్చుకొని దాచును. వానకాలములో గోడ పీల్చిన తేమ ఎండకాలములో కూడ కొంతకాలము చెమర్చినట్లు, నీటిలో తగ్గినకొలది శిలలు మెల్లగా విడిచిపెట్టుచుండును. ఒక్క దినములో చేసిన తప్పు ఒక్క దినములో తీరకపోవుటకు ఇదియే కారణము.

ఇంకొక మోసము. నాచు బాగుగా పెరిగిన తొట్టెలో నీటిని పరీక్షించిన, ఒక్కొక్కప్పుడు ఎరువు లేనట్లే కనబడును. అది లేక కాదు; నాచు కడుపులో నున్నది. కావున సీసాలోని రంగును చూచినంతనే సరికాదు, కన్నులతో ఱాళ్లను కూడ చూడవలెను.

ఇది గాజుతొట్టెల ముచ్చట మాత్రమే యనుకొనరాదు. హవాయి ద్వీపములలో ఓఆహు దీవికి కనెయోహె అను అఖాతము కలదు. ఏండ్ల తరబడి పట్టణపు మురుగునీరు అందులోనికి వదలిరి. ఆకుపచ్చని బుడగనాచు పెరిగి పగడపుదిబ్బలపై దుప్పటి కప్పినది. 1977, 1978 సంవత్సరములలో ఆ మురుగును లోతు సముద్రమునకు మళ్లించిన తరువాత నాచు క్రమముగా తగ్గినది. నాచును పీకుట అవసరమే; కాని నీరు పెట్టువారు ఎవరో చూడక కలుపు తీసిన రైతు కథయే యగును, ఎరువు వచ్చు దారి చూడకున్న.

మరదిగారు మంచివారు, కాని తొందరమనిషి. బిడ్డ అట్లుండగా మనస్సు నిలుకడగా నుండుటయు కష్టమే. ఫాస్ఫేటును పీల్చు ఇనుపతుప్పు గుళికలు తెచ్చి, చెప్పిన కొలతకు రెండింతలు వేసిరి. నాలుగు దినములు చేపలకు మేత మాన్పించిరి. మూడు దినములు దీపములార్పి తొట్టెకు దుప్పటి కప్పిరి. స్కిమ్మరును రాత్రింబవళ్లు బిగించి నడిపిరి.

ఈ స్కిమ్మరు ముచ్చట చెప్పకుండ పోజాలను. బెల్లపు పాకము కాచునపుడు పైకి తేలిన తెట్టును మనము గరిటెతో తీయుదుము గదా. ఇదియు నదియే. సన్నని గాలిబుడగలను నీటిలో చిలికిన, కుళ్లని మలినము కుళ్లకమునుపే బుడగలకంటుకొని నురుగై పైనున్న గిన్నెలో చేరును. పోతనగారి భాగవతమున అష్టమ స్కంధములోని సముద్రమథనము నాకు చిన్ననాట మా నాన్నగారు చెప్పినది. ఆ గిన్నెను మొదటిసారి కడిగిన దినమున, పాలసముద్రమును చిలికినపుడు అమృతముకంటె ముందు హాలాహలము పుట్టుటలో వింత లేదనిపించినది. ఆ కంపు అట్టిది.

పది దినములలో పసిరికవెండ్రుకలు తెల్లబడి ఊడినవి. మరదిగారు సంతోషించిరి. నీటిని పరీక్షింపగా నైట్రేటు సున్న, ఫాస్ఫేటు సున్న. మేమిద్దరము గెలిచితిమనుకొంటిమి.

మఱుసటి వారమున పగడములు వెలవెలబోయినవి. ఇసుకపై ఈసారి గోధుమరంగు చీమిడివంటి తీగలు, వానిలో చిక్కిన గాలిబుడగలు. రాత్రి తగ్గును, పగలు దీపము వెలిగినంతనే మరల పెరుగును. చెల్లెలి ఊదాకొమ్ము అడుగునుండి తెల్లని ఎముక బయటపడుచు పైకి ప్రాకుచున్నది.

అప్పటికి బిడ్డను ఇంటికి తెచ్చితిమి. చెల్లెలు గుమ్మములో నిలిచి తొట్టెను చూచెను. నేను ఏడ్చితిని. ఆమె ఏడ్వలేదు. "అక్కా, వాడికి మూడు గంటలకొకసారి ఇన్ని మిల్లీలీటర్లని కొలిచి గొట్టంతో పట్టారు. ఒక చుక్క ఎక్కువైతే కడుపుబ్బరం, తక్కువైతే తూకం రాదు. వీటికీ అంతే" అని, బిడ్డను నా చేతికిచ్చి, చీర కుచ్చెళ్లు దోపుకొని, సన్నని కత్తెర తీసికొని, ఆ కొమ్ము చివర ఇంకను రంగు గల గోరంత ముక్కను తుంచి వేఱొక ఱాతిపై జిగురుతో అంటించెను. పచ్చిబాలెంతరాలు నీళ్లలో చేతులు పెట్టుటకు నేను వద్దన్నాను. వినలేదు.

ఆమె చెప్పగా నాకు తెలిసిన దేమనగా: పగడమునకు కావలసినది ఏమియులేని నీరు కాదు, కొంచెముగా నుండి ఎప్పుడును ఒక్కతీరుగా నుండు నీరు. పగడములోని నాచుకణములకును ఎరువు కావలెను గదా. రెండును సున్నయయిన తొట్టెలో మంచి నాచును, సూక్ష్మజీవులును పస్తుండి వెనుకబడును. డైనోఫ్లాజెల్లేటులను ఆ గోధుమ చీమిడిజాతికి చోటు దొరకును. కటిక దారిద్ర్యములో దొంగకు తెఱపి యన్నమాట. ఒకనాడు విందు, ఒకనాడు ఉపవాసము అను పద్ధతి ఏ కడుపునకు సరిపడదో ఆ తొట్టెకును సరిపడదు. నేను చేసినది మొదటి తప్పు. దానిని దిద్దబోయి చేసినది పెద్ద తప్పు. మొదటిదానికి నాచు పెరిగినది, రెండవదానికి పగడము చచ్చినది.

ఆపైన చెల్లెలు చేసిన పనులలో ఆర్భాటమేమియు లేదు. గుళికలు తీసివేసెను. మేతను మరల రోజుకొకమారు, ఒకే చెంచా, తలకొట్టి వేయించెను. మిగిలిన వెండ్రుకనాచును, ఊడదీయగల ఱాళ్లను బాల్చీలోని ఉప్పునీటిలో ఉంచి పండ్లుతోము కుంచెతో తోమితిమి. తొట్టెలోనే తోమిన ఆ తునుకలు ఎగిరి వేఱొకచోట మొలచును. పీకిన ప్రతి పిడికెడు నాచును అది తిన్న నైట్రేటును, ఫాస్ఫేటును వెంట తీసికొని బయటకు పోవును. ఆ విధముగా నాచే తూము. తెలివైనవారు దీనినే ఆధారము చేసికొని, ప్రక్క తొట్టెలో తీగచుట్టవంటి మంచి నాచును పెంచి, దానికి రాత్రిపూట దీపము పెట్టి, నెలకొకసారి సగము కోసి పారవేయుదురు. మా చెల్లెలింట ఇప్పుడు అట్టిది యొకటి ఏర్పడినది. వారమునకు పదవపాలు నీరు తీసి క్రొత్త ఉప్పునీరు పోయుటయు నియమముగా సాగినది. ఆ నీరు కొళాయినీరు కాదు; వడపోతయంత్రములో అన్నిటిని తీసివేసిన నీరు. సీసపు గొట్టములు కరగకుండుటకై ఆ దేశమున అనేక పట్టణములలో కొళాయినీటిలో ఫాస్ఫేటు కలుపుదురు. అది త్రాగువారికి మేలు, తొట్టెకు నాచు. ఇక రోజు ఆవిరియగు నీటికి బదులు ఉప్పునీరు పోయరాదు. పులుసు మరిగి ఇంకినపుడు నీరు పోవును గాని ఉప్పు పోదని మనకు వేఱుగా చెప్పవలెనా?

ఆ పోయు మంచినీటిలో చెల్లెలు ఒక్కొక్కప్పుడు కలుపునది చూచి నాకు నవ్వు వచ్చినది. సున్నపుతేట! గుమ్మడిముక్కలు గట్టిపడుటకు మనము వేయునదే. పగడము ఎముక కట్టుకొనుటకు సున్నము కావలెను గదా. 1970ల ప్రాంతమున స్విట్జర్లండు దేశపు పీటర్ విల్కెన్సుగారు ఈ పద్ధతిని ప్రచారమునకు తెచ్చెనట. చుక్కచుక్కగా రాత్రివేళ పోయవలెను; ఒక్కమాటు కుమ్మరించిన నీటి క్షారగుణము హెచ్చి చేపలకు ప్రాణాపాయము.

ఇక ప్రవాహము. దీనిని గూర్చి నాకున్నంత అజ్ఞానము మఱెవరికి నుండరాదు. వేసవిలో గాలి ఆడని గదిలో కూర్చున్న మన ఒంటిచుట్టు చెమటగాలి పట్టియుండును. విసనకఱ్ఱ ఊపిన అది తొలగి హాయి గలుగును. కదలలేని పగడము చర్మము చుట్టును అట్లే ఒక పలుచని నిలువనీటి పొర యుండును. నీరు విసరుగా పాఱిన ఆ పొర సన్నబడి, ప్రాణవాయువును మేతయు లోనికి, మలినము బయటికి పోవును. నీరు విసరనిచోట చేపల పెంట దిగి, అచటనే ఎరువై, ఆ ఎఱ్ఱజిగురు పుట్టును. పైగా వెండ్రుకనాచు కొంచెము పెరిగినంతనే తన కుచ్చులలో నీటిని ఆపును; ఆగిన నీటిలో మడ్డి దిగును; మడ్డి తిని నాచు మఱింత పెరుగును. నేను జాలిపడి తగ్గించిన ఆ పంపు ఎంత చేటు చేసినదో ఇక చెప్పనేల? రాతిపగడములున్న తొట్టెలో గంటకు తొట్టెడునీటికి ఇరువది మొదలు నలువది రెట్లు కదలవలెనందురు. ఈ తొట్టెకు ముప్పదిరెట్లన్న పదివేల లీటర్లు. అదియు ఒకే వైపునుండి ధారగా కొట్టరాదు, చర్మము ఊడిపోవును. దిబ్బమీద అలలు వచ్చిపోయినట్లు, ఒకమారు ఇటునుండి, ఒకమారు అటునుండి. కొట్టుకొనిపోవుచున్నదని నేను వగచిన చిన్నచేప, పంపు హెచ్చించినంతనే దానికెదురీది ఆడుకొన్నది.

నత్తలను గూర్చి కూడ ఒక మాట. చెల్లెలు పండ్రెండు నత్తలను తెచ్చి వదలెను; రాత్రులందు అవి అద్దమును ఱాళ్లను నాకి శుభ్రము చేయుచుండును. అల్పప్రాణులని తీసివేయరాదు. కరిబియను సముద్రమున పొడవు ముండ్ల నల్లని ప్రాణి, డయడీమా యను సీ అర్చిను, నాచును మేయుచుండెడిది. 1983లో పనామా దరిని ఏదో తెగులు పుట్టి, ఏడాది దాటునప్పటికి ఆ సముద్రమందెల్ల నూటికి తొంబదికి పైగా చచ్చినవి. జమైకాలో చేపలనప్పటికే వేటాడి తగ్గించియుండిరి. 1980లో పెనుగాలి దిబ్బలను విఱిచియుండెను. ఇక నాచునకు ఎదురు లేకపోయినది. 1970ల చివర అచటి దిబ్బలపై సుమారు సగముభాగము సజీవ పగడముండగా, 1990ల తొలినాళ్లకు నూటికి మూడు పాళ్లు మిగిలినది. నాచు నూటికి తొంబది దాటినది. అయితే మేయువారున్నారుగదా యని మేత కుమ్మరింపరాదు. నత్త తిన్నదియు నత్త పెంటయై నీటిలోనే యుండును.

ఇది చదివి మన సోదరీమణులలో ఎవరికైన పగడపుతొట్టె పెట్టవలెనని కోరిక కలిగిన ఒకటి చెప్పవలసియున్నది. మనదేశమున రాతిపగడములను వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001లో చేర్చిరి. పులికున్న రక్షణయే వానికి. సముద్రమునుండి తెచ్చుట, కొనుట, అమ్ముట నేరములు. ఎవరైన అంగడివారు చాటుగా అమ్మజూపిన కొనవలదు. మంచినీటి చేపల తొట్టెకు ఈ చిక్కు లేదు. మేత, మడ్డి, నాచుల లెక్కమాత్రము అచటను ఇంచుమించు ఇంతే. ఆకుపచ్చబాఱినపుడెల్ల తొట్టెను పూర్తిగా కడిగి ఎండబెట్టువారిని చూచుచున్నాను. వారు నాచుతోపాటు సూక్ష్మజీవులను కూడ పారబోసి, మఱునాడు చేపలు చచ్చుచున్నవని వాపోవుదురు. మేత తగ్గించి, పదవపాలు నీరు మార్చి, దీపపువేళ తగ్గించి చూడుడు.

నేను తిరిగివచ్చునాటికి చెల్లెలి తొట్టెలో ఫాస్ఫేటు 0.06, నైట్రేటు 6. గోధుమ చీమిడి పోవుటకు రెండున్నర మాసములు పట్టినది. పెద్దకొమ్ము చచ్చిపోయినది, దాని తెల్లని ఎముకను చెల్లెలు తీయలేదు, చిన్నచేప దానిలో నిదురించునని. తుంచి నాటిన గోరంత ముక్క మాత్రము అడుగున ఱాతిపై చుట్టును ఊదావన్నె పఱచుకొని పట్టు చిక్కించుకొన్నది. మొన్న ఫోనులో చిత్రము పంపినది. చివరను తెల్లని క్రొత్త మొన ఒకటి వచ్చినది. పిల్లవానికి ఏడు మాసములు. తొట్టె అద్దమునకు అరచేతులానించి నిలువబోవుచున్నాడట. మేత చెంచాకు ఎఱ్ఱదారము కట్టి, వానికందని ఎత్తున కొక్కెమునకు తగిలించితినని, "నీకూ అందదులే అక్కా" అని చెల్లెలు నవ్వినది.